కళ్లు మూసుకుని కొనొచ్చా?

'మా సరుకు కళ్లు మూసుకుని కొనొచ్చండీ!' అనని వ్యాపారి మన ఊళ్లలో ఉండడు. పచ్చళ్లవాళ్లూ అంటారు, పట్టుచీరలవాళ్లూ అంటారు. ఆ మాటనే నమ్మి చూపులేని ఓ మనిషి పచ్చళ్ల దుకాణం వెబ్‌సైట్లో అరకిలో ఆవకాయ కొనబోయాడనుకుందాం. ఏమవుతుంది?

తెరమీద ఉన్నదాన్ని చదివి వినిపించే సదుపాయం ఈరోజుల్లో దాదాపు ప్రతి స్మార్ట్‌ఫోన్‌లోనూ ఉంటోంది. ఆండ్రాయిడ్‌లో దాని పేరు టాక్‌బ్యాక్, ఐఫోన్‌లో వాయిస్ ఓవర్. వేలు ఎక్కడ తాకితే అక్కడున్నది చెబుతుంది. అయితే, సైటు తయారుచేసినవాళ్లు పేరు రాసిపెడితేనే! లేకపోతే జాడీ బొమ్మ మీద వేలు పెడితే 'చిత్రం' అంటుంది. పక్కదాని మీద పెట్టినా 'చిత్రం'. ఏది ఆవకాయో ఏది గోంగూరో దేవుడికే తెలియాలి. బుట్ట గుర్తును తాకితే 'పేరులేని బటన్'. ఎలాగో తంటాలుపడి డబ్బు కట్టేదాకా వస్తే, వంకర అక్షరాలు చూసి టైపు చేయమనే పరీక్ష ఒకటి. చూపులేని మనిషిని చూసి చెప్పమంటే ఏం చెబుతాడు? చివరికి ఫోను పక్కింటి కుర్రాడి చేతికి వెళుతుంది. ఫోనుతోపాటే ఓటీపీ, పిన్ నంబరూ! ఆవకాయ లేకపోతే ఒక పూట పప్పుతో గడిచిపోతుంది. సొంత డబ్బు గుట్టు పరాయివాళ్ల చేతిలో పెట్టాల్సి రావడం మాత్రం చిన్న విషయం కాదు.

2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో వైకల్యంతో జీవిస్తున్నవారు 2.68 కోట్ల మంది. వాళ్లలో చూపు సమస్య ఉన్నవాళ్లే 50 లక్షల పైచిలుకు. వినికిడి సమస్య ఉన్నవాళ్లూ దాదాపు అంతే. వీళ్లంతా కొనుగోలుదారులే కదా!

చట్టం ఈ సంగతి ఎప్పుడో చెప్పింది. 2017 ఏప్రిల్ 19న అమల్లోకి వచ్చిన వికలాంగుల హక్కుల చట్టం–2016, సేవలందించేది ప్రభుత్వమైనా ప్రైవేటు సంస్థయినా అవి అందరికీ అందుబాటులో ఉండాలంటుంది. నిబంధనలు వచ్చాక సర్దుకోవడానికి ఇచ్చిన వ్యవధి రెండేళ్లు. ఉల్లంఘిస్తే తొలిసారి 10 వేల రూపాయల దాకా జరిమానా. మళ్లీ మళ్లీ చేస్తే 50 వేల నుంచి 5 లక్షల దాకా. వెబ్‌సైట్లు, యాప్‌లు ఎలా ఉండాలో చెప్పే ఐఎస్ 17802 అనే భారతీయ ప్రమాణం కూడా 2023లో నిబంధనల్లో చేరింది.

అయినా చాలామందికి పట్టలేదు. నిబంధనలు చేస్తే మంచిదన్నట్టున్నాయే తప్ప చేసి తీరాలన్నట్టు లేవు మరి. 2024 నవంబరు 8న సుప్రీంకోర్టు తప్పుపట్టింది సరిగ్గా దీన్నే. ఆ నిబంధన చెల్లదంది, తప్పనిసరి అంశాలను విడిగా తేల్చమని కేంద్రానికి 3 నెలల గడువు ఇచ్చింది. ఆ కేసులో కోర్టుకు నివేదిక తయారుచేసిచ్చింది మన హైదరాబాద్‌లోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయమే. 2025 ఏప్రిల్ 30న మరో తీర్పు వచ్చింది. యాసిడ్ దాడిలో కళ్లూ ముఖమూ దెబ్బతిన్న మహిళలు బ్యాంకు కేవైసీ కోసం కెమెరా ముందు రెప్ప ఎలా కొట్టగలరన్నది అందులోని ప్రశ్న. డిజిటల్ సేవలు అందుకోవడం జీవించే హక్కులో భాగమేనంటూ కోర్టు 20 ఆదేశాలిచ్చింది.

ఇంత విన్నాక వ్యాపారి మొదట చేసే పని సైటు కట్టినతనికి ఫోన్ చేయడం. 'ఏం లేదు సార్, చిన్న తునక ఒకటి అతికిస్తే అన్నీ అవే సర్దుకుంటాయి' అని అటునుంచి అభయం రావచ్చు. తొందరపడి డబ్బు కట్టకపోవడమే మేలు. అలా ఒక్క తునకతో ఏ సైటునైనా నిబంధనలకు తగ్గట్టు మార్చేస్తామని ప్రచారం చేసుకున్న ఓ సంస్థ చేత అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2025లో 10 లక్షల డాలర్లు కట్టించింది.

అసలు పని కొంచెం ఓపికతో కూడుకున్నది. బ్రహ్మవిద్య మాత్రం కాదు. ముందుగా యజమానే టాక్‌బ్యాక్ పెట్టుకుని, కళ్లు మూసుకుని, తన సైటులో తనే ఒక సీసా కొనాలి. ఎక్కడ ఆగిపోయాడో అక్కడే మరమ్మతు మొదలవ్వాలి. కంప్యూటర్‌లో అయితే ఎన్‌వీడీఏ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. 2006లో దీన్ని మొదలుపెట్టిన ఆస్ట్రేలియా వాసి మైకేల్ కరన్‌కూ చూపులేదు. మౌస్ పక్కన పెట్టి ట్యాబ్ మీటతోనే చివరిదాకా వెళ్లగలమా అన్నది ఇంకో పరీక్ష. చేతులు వణికేవాళ్లకు అదే ఆధారం. తప్పు నింపిన గడిని ఎర్రగా చూపి ఊరుకుంటే రంగులు పోల్చుకోలేనివాళ్లకు అర్థం కాదు, తప్పేంటో మాటల్లో రాయాలి. పచ్చడి కలిపే వీడియో కింద మాటలు పడాలి, వినపడనివాళ్లకోసం.

తెలుగు వ్యాపారులు ప్రత్యేకంగా చూసుకోవాల్సింది ఒకటుంది. సంక్రాంతి ఆఫరో, ధరల పట్టికో డీటీపీ చేయించి పీడీఎఫ్ పెట్టేస్తారు. ఆ డీటీపీ చాలాచోట్ల ఇప్పటికీ అను ఫాంట్లలోనే సాగుతోంది. కంటికి అది చక్కటి తెలుగే. లోపల కంప్యూటర్ దాచుకునేది మాత్రం ఇంగ్లిష్ అక్షరాల, గుర్తుల కలగాపులగం. చదివే సాఫ్ట్‌వేర్ ఆ కలగాపులగాన్నే పలుకుతుంది. 'కాకరకాయ కారం' కాస్తా అర్థంలేని గోలయిపోతుంది! పోస్టరును ఫొటోగా పెడితే ఆ గోల కూడా చాలాసార్లు ఉండదు. అదే పట్టికను యూనికోడ్ తెలుగులో నేరుగా పేజీమీదే టైపు చేయిస్తే చదివించుకోవచ్చు. గూగుల్‌లో వెతికేవాళ్లకూ దొరుకుతుంది. దీనికయ్యే ఖర్చు ఒక డీటీపీ ఆపరేటర్ పూట పని.

కట్టిన ఇంటికి తర్వాత ద్వారబంధం పెద్దది చేయడం ఎంత కష్టమో పాత సైటును సరిచేయడమూ అంతే. కొత్తది కట్టించేవాళ్లు ఒప్పందంలోనే ఐఎస్ 17802 పేరు రాయించుకుంటే తర్వాత గొడవుండదు. డబ్బు మొత్తం చెల్లించేముందు చూపులేని ఒకరిచేత పరీక్ష చేయించాలి. ఊరికే కాదు, వాళ్ల సమయానికి డబ్బిచ్చి. విదేశాలకు పంపేవాళ్లు ఇంకాస్త జాగ్రత్తపడాలి. యూరప్‌లో 2025 జూన్ 28 నుంచి ఇలాంటి చట్టమే అమలవుతోంది. పదిమంది కన్నా తక్కువ సిబ్బందితో, ఏడాదికి 20 లక్షల యూరోలు మించని వ్యాపారంతో సేవలందించే చిన్న సంస్థలకు మినహాయింపు ఉంది గానీ, ఆ పెద్ద కంపెనీలకు సాఫ్ట్‌వేర్ రాసిచ్చే మన హైదరాబాద్ సంస్థల్ని వాళ్ల ఖాతాదారులే నిలదీసి అడుగుతారు.

ఇదంతా ఎవరో కొద్దిమంది కోసమే అనుకునే యజమానికి ఇంట్లోనే చూసుకోగల పరీక్ష ఒకటుంది. అక్షరాలను రెట్టింపు చేసినా పేజీ చెదరకూడదని, ఏ మాటా కనుమరుగు కాకూడదని ప్రమాణాల్లో ఉంది. శుక్లాలొచ్చిన నాన్నగారి ఫోన్లో అక్షరాలు ఎలాగూ పెద్దవే పెట్టి ఉంటాయి. ఈ రాత్రి భోజనాలయ్యాక ఆయన చేతికే ఇచ్చి, సొంత దుకాణంలో పావుకిలో మాగాయ ఆర్డరు పెట్టమంటే సరి.