గోడ ఇంటివారిది, రంగు వీధిది

బావగారూ,

అబ్బాయి ఉద్యోగం పుణ్యమా అని దక్షిణ కరొలైనాలో చార్లెస్టన్ అనే ఈ సముద్రపు ఒడ్డు ఊళ్ళో నెల్లాళ్ళుగా తిరుగుతున్నాను. ‘ఇల్లు కట్టి చూడు’ అన్న మనవాళ్ళు ఈ ఊరు చూసి ఉంటే ‘రంగు వేసి చూడు’ అని కూడా చేర్చేవారు. పాతపేటలో ఎవరి ఇంటికి వారు బయట రంగు మార్చుకోవాలన్నా నగరపాలక సంస్థ అనుమతి కావాలి! ముప్పై ఏళ్ళు టౌన్‌ప్లానింగ్ ఫైళ్ళు కదిపిన నాకే నోట మాట రాలేదు.

ఇక్కడి ఇళ్ళ తీరే వేరు. వీధి వైపు ఒక్క గది వెడల్పే. పొడవంతా లోపలికి పోతుంది. పక్కవాటుగా రెండు మూడంతస్తుల వసారాలు. వీధి తలుపు తీస్తే ఇంట్లోకి కాదు, వసారాలోకి వెళతాం. మన అరుగు వీధిని పలకరిస్తుంది, వీళ్ళ అరుగు మొహం తిప్పుకొని కూర్చుంటుంది. చాలా గోడల మీద పళ్ళెమంత ఇనుప బిళ్ళలు కనిపిస్తే ఏమిటని అడిగాను. 1886 ఆగస్టు 31న భూకంపం వచ్చాక, గోడలు విడిపోకుండా ఇంటి మధ్యగా ఇనుప కడ్డీలు దూర్చి రెండు కొసలా బిగించారట.

భూకంపానికి తట్టుకున్నవి మోటారు కార్లకు తట్టుకోలేకపోయాయి. 1920ల్లో పెట్రోలు బంకుల కోసం పాత ఇళ్ళు కూలుతుంటే, ఇళ్ళ స్థలాల వ్యాపారం చేసే సూసన్ ప్రింగిల్ ఫ్రాస్ట్ అనే ఆవిడ 1920లోనే ఓ సంఘం పెట్టి అడ్డుపడింది. 1931లో నగర కౌన్సిలు పాత ఇళ్ళ రక్షణకు చట్టం చేసి, పాతపేటకు గీత గీసి, ఒక బోర్డును కూర్చోబెట్టింది. అమెరికాలో ఇలాంటి చట్టం చేసిన మొదటి ఊరు ఇదే. కేంద్రప్రభుత్వం జాతీయ చట్టం తెచ్చింది 1966లో, అంటే మన లెక్కన చెప్పాలంటే వార్డు మనుషులు ఢిల్లీ కంటే ముప్పై అయిదేళ్ళు ముందు నిద్ర లేచారన్నమాట. ఆ జాతీయ చట్టానికి 1980లో వచ్చిన సవరణ తర్వాత, అర్హత పొందిన ఊళ్ళకు ప్రతి రాష్ట్రమూ తనకొచ్చే పరిరక్షణ నిధుల్లో కనీసం 10 శాతం ఇచ్చి తీరాలి.

బోర్డుకు ఇంటి లోపలితో పనిలేదు. వంటగది పడగొట్టుకోండి, పట్టె మంచం పెట్టుకోండి, అడగరు. వీధిలోంచి కంటికి కనిపించేదే వాళ్ళ లెక్క. మొన్న ఒక కట్టుబడి దగ్గర ఆవరణలో ఓ గోడముక్క ఒంటరిగా నిలబడి ఉంది. కాస్త ఇటుక, దానికో కిటికీ, పైన చూరు. ఇల్లెక్కడని అడిగితే, ఇది నమూనా, బోర్డు వాళ్ళు వచ్చి ఇటుకల మధ్య సందుతో సహా చూసి సరేనంటేనే అసలు గోడ లేస్తుందన్నారు. మన దగ్గర గోడ లేచాక, అపరాధ రుసుం కట్టాక, ప్లాను వస్తుంది కదా!

అంతా పాలూ తేనే అనను. ఇళ్ళు బాగుపడ్డకొద్దీ ధరలు పెరిగి, వాటిలో అద్దెకున్న నల్లజాతి కుటుంబాలు దూరంగా సర్దుకోవలసి వచ్చింది. ఆ గోడల ఇటుకలు పోసింది వారి పూర్వికులే, బానిసలుగా. ఒక గోడ దగ్గర నన్ను ఆపి చూపించారు: పచ్చి ఇటుక ఎత్తినప్పుడు నొక్కుకున్న మూడు వేళ్ళ గుంటలు, నా చిటికెన వేలు కూడా పట్టనంత చిన్నవి. పిల్లలవి.

మీ మండువా ఇల్లు అపార్ట్‌మెంటుకు ఇస్తున్నారని అక్కయ్య ఫోనులో చెప్పింది. మన పట్నంలో బోర్డూ లేదు, అడ్డుపడే హక్కు నాకూ లేదు. పెంకులు దింపించేటప్పుడు మాత్రం, వెనక వసారా గూనపెంకుల్లో కుమ్మరి వేళ్ళ చారలున్నవి రెండు చూసి, నేను వచ్చేదాకా పక్కన పెట్టించండి.