అమ్మ వైపు లెక్కలోకి రాదు

"మీది ఏ దేశం మేడం?"

సికింద్రాబాద్ స్టేషన్ ముందు ఆటో ఎక్కినప్పుడల్లా ఈ ప్రశ్న నాకు మామూలే. "ఇక్కడే, లాలాగూడ" అంటాను. "తెలుగు మస్తు మాట్లాడుతున్నరే!" అని అద్దంలోంచి మరోసారి చూస్తారు. నా కళ్ళు బూడిద రంగు. జుట్టు ఎర్రగా ఉంటుంది. రెండూ అమ్మ పోలికలే. అమ్మ ఆంగ్లో ఇండియన్, రైలు డ్రైవరు కూతురు. నాన్నది వరంగల్ దగ్గర పల్లె. ఆటోవాళ్ళు మెచ్చుకునే ఈ తెలుగు, అమ్మ నానమ్మ పక్కన కూర్చుని ఒక్కో మాటా నేర్చుకుని నాకు నేర్పిందే.

నాన్న ఊళ్ళో అమ్మను "దొరసాని" అనేవాళ్ళు. ఆ పిలుపులో మర్యాద ఎంతుందో, దూరం కూడా అంతే ఉండేది. పాత సినిమాల్లో విలన్ పక్కన గౌను వేసుకుని నిలబడే అమ్మాయి పేరు ఏ రీటానో, లిల్లీనో అయ్యేది. ఆ రీటాల, లిల్లీల బరువు అమ్మా మోసింది, కాలేజీలో నేనూ మోశాను. నా రంగు చూసి నా నడవడిక ఇట్టే తేల్చేసినవాళ్ళు ఎందరో.

సరే, అమ్మ వాళ్ళయినా నన్ను తమ మనిషి అనుకుంటారనుకున్నాను. పద్దెనిమిదేళ్ళప్పుడు అమ్మ నన్ను ఒక ఆంగ్లో ఇండియన్ సంఘానికి తీసుకెళ్ళింది. అక్కడి పెద్దాయన నా మొహం చూసి నవ్వుతూ ఫారం తీశాడు. నాన్న పేరు అడిగాడు. చెప్పాను. ఫారం మళ్ళీ సొరుగులోకి వెళ్ళింది. అమ్మ ఏమీ అనలేదు. దారంతా నా చెయ్యి పట్టుకునే నడిచింది.

తర్వాత రాజ్యాంగం తీసి చదివాను. 366వ అధికరణం రెండో క్లాజు ప్రకారం తండ్రిగానీ, తండ్రి వైపు మగ పూర్వీకుల్లో ఒకరుగానీ యూరపు సంతతివారై ఉండాలి. 1935 నాటి భారత ప్రభుత్వ చట్టంలోనూ ఈ తండ్రి వరసే ఉంది. తల్లి ఊసే లేదు. ఈ సముదాయపు తొలి తల్లుల్లో ఎక్కువమంది ఈ దేశపు ఆడవాళ్ళే. ఓడెక్కి వచ్చిన మగవాడు చట్టానికి గుర్తున్నాడు. ఇక్కడే ఉండి పిల్లల్ని కని పెంచిన ఆడది గుర్తు లేదు.

మా మామయ్య తమిళ నర్సును పెళ్ళి చేసుకున్నాడు. వాళ్ళబ్బాయి నాన్నకంటే నలుపు. వాణ్ణి ఎవరూ ఏ దేశమని అడగరు. "ఆంగ్లో ఇండియన్" అంటే జోకేస్తున్నాడని నవ్వుతారు. కాగితం మీద మాత్రం వాడే ఆంగ్లో ఇండియన్, నేను కాను. జనం చర్మాన్ని చూస్తారు, చట్టం తండ్రిని చూస్తుంది. మా ఇద్దరి అమ్మలూ ఎవరి కంటికీ ఆనరు.

2019 డిసెంబరులో, చట్టసభల్లో ఆంగ్లో ఇండియన్ల నామినేషన్ పద్ధతిని ఆపేసే బిల్లు మీద చర్చలో, 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో ఆంగ్లో ఇండియన్లు 296 మందేనని కేంద్రమంత్రి చెప్పారు. ఆ అంకె తప్పని సముదాయం గట్టిగా అడ్డం తిరిగింది. అయినా 104వ రాజ్యాంగ సవరణతో 2020 జనవరి 25 నుంచి ఆ నామినేషన్లు పోయాయి. నిర్వచనం మాత్రం అలాగే ఉంది. ఆ వార్త చూస్తూ, చిక్కుడుకాయలు తుంచుతున్న అమ్మ అంది: "ఆ లెక్కల నేనున్ననో లేనో తెల్వదు. నువ్వయితే లేవు బిడ్డా."

అందులో నిష్ఠూరం లేదు. క్షమాపణ లాంటిదేదో ఉంది. తనవైపునుంచి నాకు కళ్ళూ జుట్టూ ఇవ్వగలిగింది గానీ, పేరు ఇవ్వలేకపోయానన్న బాధ. తప్పు తనది కాదని ఆమెకు ఎలా చెప్పను?

అందుకే ఈమధ్య ఆటోలో నా జవాబు మార్చాను. "మా అమ్మ ఆంగ్లో ఇండియన్, లాలాగూడ" అని మొదలుపెడుతున్నాను. "మరి మీ నాయిన?" అని వెంటనే అడుగుతారు.

నాన్న గురించీ చెప్తాను. అమ్మ తర్వాత.