తాళం తియ్యడం వచ్చు సరే, మళ్ళీ పడుతుందా?

"ఏంటీ, దొంగతనాలు నేర్చుకుంటున్నావా?"

తాళంచెవి లేకుండా తాళాలు తియ్యడం నా సరదా అని చెప్పగానే ఎవరైనా మొదట అడిగే ప్రశ్న ఇదే. కాదండీ బాబూ! గళ్ళనుడికట్టు పూరించేవాళ్ళు లేరూ, రూబిక్స్ క్యూబు తిప్పేవాళ్ళు లేరూ... ఇదీ అలాంటిదే. కాకపోతే క్యూబుని ఎంత తిప్పినా ఎవరికీ నష్టం లేదు. తాళం అలా కాదు. ఆ సంగతి నాకు కాస్త ఆలస్యంగా, సిగ్గుపడేలా తెలిసొచ్చింది.

2007 చివర్లో మేం న్యూజెర్సీలో ఓ అపార్ట్‌మెంటులో అద్దెకుండేవాళ్ళం. ఆఫీసులో ఒకడు 'ఎమ్‌ఐటీ గైడ్ టు లాక్ పికింగ్' ప్రింటవుట్ ఇచ్చాడు. 1991లో 'టెడ్ ద టూల్' అనే మారుపేరుతో వచ్చిన పుస్తకం అది. చదివితే ఎక్కడా దొంగల వాసన లేదు, అచ్చం డీబగ్గింగు మాన్యువల్లా ఉంది. వారంలో పికింగు సెట్టు తెప్పించేశాను. మరి ప్రాక్టీసుకి తాళమో? ఎదురుగా మా ముందు తలుపుకే ఉందిగా! రోజూ రాత్రి అన్నం తిన్నాక తలుపు బార్లా తెరిచి, గుమ్మంలో స్టూలేసుకుని కూర్చునేవాణ్ణి. మా ఆవిడ "చలి లోపలికొస్తోంది, ఇంక ఆపండి" అనేదాకా అదే పని.

మొదటిసారి తాళం తిరగడానికి తొమ్మిది రోజులు పట్టింది. నెల తిరిగేసరికి రెండు నిమిషాల్లో తీసేస్తున్నాను. ఈలోగా అసలు తాళంచెవి కొంచెం బిగుసుకోవడం మొదలైంది. పట్టించుకోలేదు. ఓ రోజు గరాజ్‌లో ఉన్న నూనె డబ్బా తెచ్చి తాళంలోకి ఇంత కొట్టాను. సాఫీ అయింది. బగ్ ఫిక్స్‌డ్ అనుకున్నా!

2008 జనవరిలో నాన్న మా దగ్గరికొచ్చారు. చెల్లి పురిటికని అమ్మ ఒంగోల్లోనే ఉండిపోయింది. ఓ రోజు మేమిద్దరం ఆఫీసులకి పోయాక ఆయన స్వెట్టరేసుకుని, తాళం వేసి, అలా నడిచొద్దామని వెళ్ళారు. తిరిగొచ్చాక చెవి లోపలికి వెళ్ళింది, తిరగలేదు. చేతిలో ఫోను లేదు. గంటన్నర సేపు ఆ చలిలో గుమ్మం ముందే నిలబడ్డారు. ఎదురింటి గుజరాతీ ఆవిడ బజారు నుంచి వచ్చి చూసి, లోపల కూర్చోబెట్టి టీ ఇచ్చి నాకు ఫోన్ చేసింది.

పరిగెత్తుకొచ్చాను. నా దగ్గర పిక్కులున్నాయి కదా, రెండు నిమిషాల పని కదా! నాన్న చూస్తుండగా ఇరవై నిమిషాలు కుస్తీ పట్టాను. కదల్లేదు. చివరికి అపార్ట్‌మెంటు మెయింటెనెన్స్ అతను వచ్చి డ్రిల్లు పెట్టి తీశాడు. సిలిండర్ని తట్టి చూపిస్తే నల్లటి బురదలాంటి ముద్ద, అందులో నలిగిపోయిన స్ప్రింగు. "పాత తాళం సార్, అరిగిపోయింది, మీరేం కట్టక్కర్లేదు" అన్నాడు.

నేనేమీ మాట్లాడలేదు. థాంక్యూ అని ఊరుకున్నాను.

ఆ రాత్రి నాన్న అడిగారు. "రోజూ ఆ గుమ్మంలో కూర్చుని ఏంది రా నువ్వు చేసేది?" చెప్పాను. ఆయన బ్యాంకులో హెడ్ క్యాషియర్‌గా రిటైరయ్యారు. స్ట్రాంగ్‌రూమ్‌కి రెండు తాళంచెవులు, ఒకటి మేనేజరు దగ్గర, ఒకటి ఈయన దగ్గర. చెవి చేతులు మారితే రిజిస్టర్లో సంతకం. అలా బతికిన మనిషి. చలిలో నిలబడ్డందుకు ఒక్క మాట అనలేదు. "తెరవడం వస్తే సరిపోద్దా రా, మళ్ళీ తెరుచుకోవాలి గదా. అయినా అది నీ తాళం కాదు గదా?" అన్నారు. అంతే.

మర్నాడు అపార్ట్‌మెంటు ఆఫీసుకెళ్ళి జరిగింది చెప్పి 85 డాలర్లు కట్టొచ్చాను. అక్కడి అమ్మాయి నన్నో రకంగా చూసింది. చూడదు మరీ!

ఇంతకీ నేను చేసిన తప్పేంటి? మామూలు పిన్ను తాళంలో ప్రతి గదిలో రెండు పిన్నులు, పైన ఓ స్ప్రింగు ఉంటాయి. చెవి పెడితే పిన్నులన్నీ సరైన ఎత్తుకి లేస్తాయి, ఆ తర్వాతే మనం తిప్పుతాం. అంటే పిన్నులు కదిలేటప్పుడు వాటిమీద పక్క ఒత్తిడి ఉండదు. పికింగులో వరస తిరగబడుతుంది. ముందు తిప్పే ఒత్తిడి పెట్టి, ఆ బిగువులోనే ఒక్కో పిన్నునీ పైకి నెడతాం. పిన్నులు ఎక్కువగా ఇత్తడివి, మన పిక్కు ఉక్కుది. గట్టిగా ఒత్తేకొద్దీ అంచులు గీసుకుపోతాయి, పొడి రాలుతుంది. నేను దానిమీద నూనె కూడా పోశాను. పొడీ దుమ్మూ కలిసి ముద్దయింది, చలికి బిగుసుకుంది. పిన్నుల్ని అతిగా పైకి నెట్టి స్ప్రింగుని కూడా నలిపేశాను.

తర్వాత నేర్చుకున్నవి, ఈ సరదా ఉన్నవాళ్ళ కోసం:

1. నీది కాని తాళం ముట్టుకోకు. నీదే అయినా వాడుకలో ఉన్న తాళం ముట్టుకోకు. ఈ సరదా ఉన్నవాళ్ళందరూ మొదట చెప్పే రెండు సూత్రాలివే. నేను ఒకే స్టూలు మీద కూర్చుని రెండూ తప్పాను.

2. ఒత్తిడి తక్కువ పెట్టండి. కొత్తలో అందరూ చేసే తప్పు ఇదే. తాళం రాకపోతే ఇంకా గట్టిగా కాదు, ఇంకా మెల్లగా.

3. పిక్కుల అంచులు గరుగ్గా ఉంటే సన్నటి ఉప్పుకాగితంతో నున్నగా రుద్దుకోండి.

4. పిక్కుని రంపంలా లాగుతూ గీకడం, కొట్టి తీసే పికింగు గన్నులు... ఇవి తొందరగా తెరుస్తాయి, తొందరగా పాడుచేస్తాయి.

5. నూనె వద్దు. గ్రాఫైట్ పొడిగానీ టెఫ్లాన్ స్ప్రేగానీ, ఏదో ఒకటే, అదీ కొంచెం.

6. తెరిచాక సరదాకి సగం చుట్టు తిప్పేయకండి. చెవి ఉంటే ఆ సందు మూసుకుని ఉంటుంది. పిక్కుతో తిప్పితే పై పిన్నులు ఆ ఖాళీ సందులోకి దిగి, తాళం అక్కడే ఇరుక్కుపోవచ్చు.

7. విప్పి పిన్నులు మార్చుకోగలిగే ప్రాక్టీసు తాళం కొనుక్కోండి. అరిగితే పిన్నులు మార్చుకోవచ్చు. అప్పుడప్పుడూ దాని అసలు చెవి పెట్టి చూడండి. బిగుసుకుంటోందంటే తప్పు మీ చేతిదే.

ఈ ఏడో దానికి పెద్ద చరిత్రే ఉంది. లండన్లో బ్రామా కంపెనీ వాళ్ళు తమ తాళం తీసినవాడికి 200 గినీలు ఇస్తామని కొట్టు కిటికీలో పెట్టి, దశాబ్దాలపాటు సవాలు విసిరారు. 1851లో గ్రేట్ ఎగ్జిబిషన్‌కి వచ్చిన ఆల్ఫ్రెడ్ హాబ్స్ అనే అమెరికన్ పదహారు రోజుల్లో, మొత్తం 51 గంటలు కూర్చుని దాన్ని తీశాడు. అయితే తీసినంత మాత్రాన అయిపోలేదు. తర్వాత ఆ తాళం అసలు చెవి పెట్టి చూశారు. మామూలుగానే పడింది, మామూలుగానే వచ్చింది. పాడవలేదని అప్పుడు తేలింది. మా నాన్న హాబ్స్ పేరు విని ఉండరు గానీ, అడిగింది మాత్రం అదే.

మన వృత్తిలో ప్రొడక్షన్ సర్వర్ మీద ప్రయోగాలు చేసినవాణ్ణి ఎలా తిడతామో మీకు తెలుసు. నేనూ తిట్టాను, చాలామందిని. అదే నేను, నాన్న లోపలికి రావాల్సిన తలుపు మీద రెండు నెలలు ప్రయోగాలు చేశాను. అది ప్రొడక్షన్ అని ఒక్కసారీ తట్టలేదు! అంతకన్నా ఎక్కువ గుచ్చుకునేది "పాత తాళం సార్" అన్నప్పుడు నేను చెప్పిన ఆ థాంక్యూ.

ఇప్పుడు నా బల్ల మీద చెక్కముక్కకి బిగించిన తాళాలు నాలుగున్నాయి. ఇంటి తలుపు తాళం మాత్రం చెవితోనే తీస్తాను. మారు చెవి ఎదురింట్లో ఇచ్చి ఉంచాను.

అదండీ సంగతి. మీకూ ఈ సరదా పుడితే శుభం. ముందు వెళ్ళి ఓ తాళం కొనుక్కోండి.