పెయింట్‌బాల్‌కి వెళ్ళేముందు... మా తమ్ముడు చెప్పిన ఒక్క మాట

పోయిన డిసెంబరులో మా బాపట్ల వదిన కొడుకు ఫోన్ చేశాడు. హైదరాబాదులో ఉద్యోగం వచ్చి ఏడాది అయిందట, అందరికీ పార్టీ ఇస్తాడట. ఏదో హోటల్లో భోజనమేమో అనుకున్నాను. "భోజనం తర్వాత అత్తయ్యా, ముందు పెయింట్‌బాల్" అన్నాడు. పేరు వింటే హోళీ లాంటిదేమో అనిపించి సరేనన్నాను. తీరా మా అబ్బాయి ఫోన్లో వీడియో చూపించేసరికి గుండె జారిపోయింది. అందరి చేతుల్లోనూ తుపాకులు!

నా భయానికి వేరే కారణం ఉంది. నాకు 11 ఏళ్ళప్పుడు రేపల్లెలో మా పుట్టింటి వీధిలో బిళ్ళంగోడు ఆడుతుంటే, నేను కొట్టిన బిళ్ళ ఎగిరి మా తమ్ముడి ఎడమ కంటికి తగిలింది. వాడికి అప్పుడు ఎనిమిదేళ్ళు. గుంటూరు తీసుకెళ్ళారు కానీ చూపు దక్కలేదు. అమ్మ నన్ను ఒక్క మాట అనలేదు. ఆ కర్రని మాత్రం పొయ్యిలో పెట్టేసింది. ముప్ఫై ఏళ్ళు దాటినా మా ఇద్దరి మధ్యా ఆ సంగతి ఎప్పుడూ రాలేదు.

అలాంటి తమ్ముడు రేపల్లెలో డెల్టా రైలెక్కి, తెనాలిలో మేం ఎక్కేసరికి పులిహోర పొట్లం విప్పుతూ "నేనూ ఆడుతున్నానక్కా" అన్నాడు. నాకు ముద్ద దిగలేదు. "కళ్ళ డాక్టర్ని అడిగే వచ్చాలే. మాస్కు తియ్యనంతసేపు ఆడుకోమన్నాడు" అన్నాడు. ఆ రాత్రి రైల్లో నాకు నిద్ర పట్టలేదు.

మీ ఇంట్లోనూ పిల్లలు ఇలా బయల్దేరదీస్తే పనికొస్తుందని, నేను తెలుసుకున్నవి చెబుతాను.

ముందు బట్టలు. చీర కుదరదు. పాత చుడీదార్, పొడుగు చేతులది వేసుకోండి. చున్నీ ఇంట్లో వదిలేయండి, పరిగెత్తేటప్పుడు కాళ్ళకి అడ్డం పడుతుంది. జడని ముడి పెట్టుకోండి. గాజులు తీసి బ్యాగులో పెట్టండి, మంగళసూత్రం లోపలికి వేసుకోండి. మెడకి ఒక మెత్తటి రుమాలు చుట్టుకుంటే మంచిది. కాళ్ళకి చెప్పులు కాదు, బూట్లు. రంగు సంగతి బెంగ పడకండి. ఆ గుండు పైపొర జెలటిన్, మన క్యాప్సూల్ మాత్రలకి ఉండేలాంటిదే. లోపలిది నీళ్ళతో పోయే రంగు. మా బట్టలకైనది ఒక్క ఉతుకులో పోయింది.

మామూలుగా ఒక్కో గుండు సుమారు 17 మిల్లీమీటర్లు, గోలీకాయంత. గాలి ఒత్తిడితో వస్తుంది. వేగం సెకనుకి 300 అడుగులు దాటకుండా తుపాకీని సరిచేస్తారు. అంటే గంటకి 330 కిలోమీటర్ల దాకా అన్నమాట. దూరం నుంచి తగిలితే చురుక్కుమంటుంది. దగ్గర్నుంచి తగిలితే నల్లగా కమిలి, వారం రోజులు ఉంటుంది. అందుకే మరీ దగ్గరగా ఉన్నవాళ్ళని కొట్టకూడదు. కింద పడిన గుండ్లు ఏరి మళ్ళీ వాడకూడదు, ఉబ్బిపోయి గొట్టంలో ఇరుక్కుంటాయి. పొదుపు చేద్దామని నేను నాలుగు ఏరాను, అక్కడి కుర్రాడు చూసి పారేయించాడు! గుండు మన మీద పగిలి రంగు అంటితే ఔటు. చెయ్యెత్తి బయటికి నడవాలి. మైదానం బయట తుపాకీ మూతికి తొడుగు ఉండాలి. గర్భంతో ఉన్నవాళ్ళు ఆడకూడదు. పిల్లలకి వయసు పరిమితి ఎంతో ముందే అడగండి.

మా అబ్బాయి ఇంకో సంగతి చదివి చెప్పాడు. ఈ తుపాకులు మొదట అడవిలో చెట్లకి, మందలో పశువులకి గుర్తు పెట్టడానికి తయారుచేసినవట. 1981 జూన్ 27న అమెరికాలో హెన్నికర్ అనే ఊరి దగ్గర అడవిలో 12 మంది వాటితో మొదటి ఆట ఆడారట. అడవి పని తెలిసిన ఒకాయన ఒక్క గుండు కూడా పేల్చకుండా, చప్పుడు లేకుండా జెండాలన్నీ తెచ్చి గెలిచాడట. మా వదిన వెంటనే "అయితే మనమూ గెలుస్తాం. పిల్లల్ని నిద్ర లేపకుండా తెల్లారగట్ల వంటింట్లో తిరిగినవాళ్ళం కదా" అంది. అందరం నవ్వాం. మావారు మాత్రం "నా మోకాళ్ళు ఒప్పుకోవు" అని వల అవతల కుర్చీలో కూర్చున్నారు.

ఇక అన్నిటికన్నా ముఖ్యమైనది మాస్కు. కళ్ళు, ముఖం, చెవులు కప్పే ఆ ఆట మాస్కే ఉండాలి. చలవ కళ్ళద్దాలూ, బండి మీద పెట్టుకునే కళ్ళజోళ్ళూ సరిపోవు. వేసుకోగానే ఉక్కగా ఉంటుంది. మన ఊపిరికే అద్దం మీద ఆవిరి పడుతుంది. సరిగ్గా అక్కడే ప్రమాదం.

రెండో ఆటలో మా అబ్బాయి నాకు నాలుగడుగుల దూరంలో ఒక డ్రమ్ము వెనక నక్కాడు. అద్దం మసకబారింది కాబోలు, గడ్డం కింద చెయ్యి పెట్టి మాస్కు పైకి లేపబోయాడు. నా నోట మాట రాలేదు. పక్కనుంచి మా తమ్ముడు తుపాకీ వదిలేసి వాడి మీదికి దూకి, రెండు చేతులతో మాస్కు అదిమి పట్టుకున్నాడు. ఆ వీపు మీద టపటపా మూడు గుండ్లు పగిలాయి. వాణ్ణి అలాగే వల బయటికి నడిపించుకెళ్ళి, అప్పుడు చేతులు తీశాడు.

"ఏం కనపడటం లేదు మామయ్యా" అన్నాడు మావాడు.

"కనపడకపోతే చెయ్యెత్తి బయటికి రా. ఓడిపోతే ఇంకో ఆట ఆడొచ్చురా. కన్నుకి ఇంకో ఆట లేదు" అన్నాడు తమ్ముడు.

నేను పక్కకి తిరిగి కళ్ళు తుడుచుకున్నాను. కాసేపటికి మంచినీళ్ళ సీసా పట్టుకుని నా దగ్గరికొచ్చి కూర్చున్నాడు. "తప్పు ఆటది కాదక్కా. నీదీ కాదు. మనకప్పుడు ఇలాంటిది ఒకటుందని ఎవరికి తెలుసు?" అన్నాడు, మాస్కు చూపిస్తూ. ఇన్నేళ్ళకి వాడే ఆ మాట ఎత్తాడు. నేనేం మాట్లాడలేకపోయాను.

మూడో ఆటకి పేర్లు వేస్తుంటే వాడు కావాలనే నా ఎదుటి జట్టులో చేరాడు. "ఈసారి ఎంత కొట్టినా ఏం కాదులే, కొట్టు" అన్నాడు.

కొట్టాను. భుజం మీద పచ్చరంగు పడింది. చెయ్యెత్తి నవ్వుకుంటూ బయటికి నడిచాడు.