దండు వాకిట ఆగిన వేగు

ఈ-మెయిలుకు మనం 'వేగు' అని పేరు పెట్టుకున్న రోజుల్లో నాకొక చిన్న అభ్యంతరం ఉండేది. పాత తెలుగులో వేగంటే శత్రువుల గుట్టుమట్లు తెలిపే రహస్యవార్త. దాన్ని మోసుకొచ్చేవాడు వేగులవాడు. బంధుమిత్రుల కుశలప్రశ్నలకు ఆ పేరెందుకని అనుకునేవాణ్ణి. రెండేళ్ల క్రితం నా వేగు ఒకటి సైన్యపు గుమ్మం దగ్గర నిజంగానే వేగులవాడిలా ఆగిపోయింది. ఆ పేరులోని ఔచిత్యం అప్పుడు బోధపడింది.

మా అక్కయ్య మనుమడు అమెరికా సైన్యంలో పనిచేస్తున్నాడు. పనివేళల్లో సొంత మెయిలు చూసే వీలు తక్కువనీ, అత్యవసరమైతే రాయమనీ తన ఉద్యోగపు చిరునామా ఇచ్చాడు. దాని చివర 'డాట్ మిల్' అని ఉంటుంది. మంచం పట్టిన అక్కయ్య ఒక సాయంకాలం నన్ను పిలిచి, "తమ్ముడూ, వాడికో ఉత్తరం రాయరా. నేను చెబుతాను. నీ పాండిత్యం కలపకు" అంది. చెప్పింది చెప్పినట్టే రాశాను. పెరట్లో సపోటాచెట్టు కాపుకొచ్చిన సంగతి, వాడి చిన్ననాటి వెండి మొలతాడు ఏ పెట్టెలో దాచిందో ఆ సంగతి, ఒకసారి వచ్చి చూసిపొమ్మన్న మాట. ఆమె ఛాయాచిత్రానికి లంకె జతచేసి, నా సొంత డొమైను చిరునామా నుంచి పంపాను.

తొమ్మిది రోజులు జవాబు లేదు. తిరస్కారపత్రం వచ్చినా బాగుండేది. 550 వంటి అయిదుతో మొదలయ్యే సంకేతం వస్తే ఇక ప్రయత్నించవద్దని అర్థం. నాలుగుతో మొదలైతే కాసేపాగి మళ్లీ రమ్మని. నాకు ఏదీ రాలేదు. "వాడికి తీరిక చిక్కలేదేమోలేరా" అంటూ అక్కయ్యే రోజూ వాణ్ణి వెనకేసుకొచ్చేది. పదోనాడు వాడే ఫోను చేశాడు.

"ఏ ఉత్తరం తాతయ్యా? నాకేమీ రాలేదే!"

మొదట నా తెలుగు అక్షరాలనే శంకించాను. 'తెలుగు' అన్న మాటలో యూనికోడు లెక్కన ఆరు సంకేతాలు. యూటీఎఫ్-8లో ఒక్కొక్కటి మూడు బైట్లు, వెరసి 18. బేస్-64 వేషం వేసుకుని ప్రయాణించేటప్పుడు అవి 24 రోమను గుర్తులవుతాయి. ఆ వేషం లోకమంతటా మామూలేననీ, దోషం అక్కడ లేదనీ నా పూర్వశిష్యుడొకడు తేల్చాడు. దోషం నా వాకిట్లోనే ఉంది.

మెయిలు పంపే నియమావళిని 1982లో రాసినప్పుడు, పంపినవాడి పేరు నిజమో కాదో పరీక్షించే ఏర్పాటు అందులో లేదు. ఆ లోటు తీర్చడానికి తరువాత మూడు కట్టుబాట్లు వచ్చాయి. నా పేరిట ఉత్తరాలు మోయగల సర్వర్లు ఏవో ప్రకటించేది ఎస్.పి.ఎఫ్. ఉత్తరం మీద వేసే రహస్యముద్ర డి.కె.ఐ.ఎం. ఈ పరీక్షల్లో తప్పితే ఏమి చేయాలో చెప్పేది డిమార్క్. నా డొమైనులో మూడూ లేవు. ఉంగరం చూసేదాకా సీతమ్మ హనుమంతుణ్ణే అనుమానించింది. ముద్రిక లేకుండా వెళ్లి, పైగా లంకె ఒకటి మోసుకెళ్లిన నా దూతను కావలివాడు నమ్మకపోవడంలో వింతేముంది?

ఆ కావలివాడి జాగ్రత్తకు కారణాలూ ఉన్నాయి. 2006 డిసెంబరులోనే అమెరికా రక్షణశాఖ, హెచ్.టి.ఎం.ఎల్. హంగులతో వచ్చే మెయిళ్లను సాదా పాఠంగా మార్చడం మొదలుపెట్టింది. ఇక 2023 జులైలో బయటపడిన ఉదంతం బడిపంతుళ్లందరూ చెప్పుకోదగ్గది. 'మిల్' అని రాయవలసిన చోట ఒక్క 'ఐ' జారిపోతే 'ఎమ్మెల్' మిగులుతుంది. అది ఆఫ్రికాలోని మాలీ దేశపు డొమైను. దాని నిర్వహణ చూసిన డచ్చి దేశస్థుడొకరు ఆ ఏడాది జనవరి నుంచి పోగుచేస్తే, అలా దారితప్పినవి సుమారు 1,17,000 లేఖలు తేలాయి. వైద్యపత్రాలు, సేనాధిపతి ప్రయాణ వివరాలు కూడా వాటిలో ఉన్నాయి. సైన్యపు చిరునామాల నుంచి మాలీకి పోయేవాటిని ముందే ఆపుతున్నామని రక్షణశాఖ చెప్పింది. బయటివారి చేతి పొరపాటును మాత్రం అది ఆపలేదు. ముప్పై అయిదేళ్లు పిల్లల పలకల మీద గుడి ఎగిరిపోతే దిద్దినవాణ్ణి. ఒక గుడి ఖరీదు ఇంతని నాకూ తెలియదు.

ఆ పదోనాడు ఫోను అక్కయ్య చెవి దగ్గర పెట్టి, ఉత్తరం మొత్తం నేనే చదివి వినిపించాను. సపోటాల దగ్గర వాడు నవ్వాడు. మొలతాడు దగ్గర మాట్లాడలేకపోయాడు. "నేను చెప్పినట్టే రాశాడురా మీ తాతయ్య" అని ఆవిడ సంతోషించింది. వాడికి సెలవు దొరికేలోపే, మూడు వారాలకు, వెళ్లిపోయింది.

ముద్రలన్నీ సరిచేయించాక, లంకె తీసేసి అదే ఉత్తరాన్ని సాదా పాఠంగా మళ్లీ పంపాను. మర్నాడు ఒక్క ముక్క జవాబు వచ్చింది: "చేరింది తాతయ్యా."

మిత్రులారా, మీ డొమైను పత్రాలు ఒకసారి చూసుకోండి. చిరునామాను అక్షరం అక్షరం కూడబలుక్కుని చదవండి. అన్నిటికన్నా ముఖ్యం, ముఖ్యమైన కబురు పంపిన నాడే ఫోను చేసి చేరిందో లేదో అడగండి. నేను తొమ్మిది రోజులు అడగలేదు.