చక్రం విప్పి చూస్తే...

కారు కొనడం ఒక ఎత్తు. దాన్ని సాకడం ఇంకో ఎత్తు. వాయిదాలు, పెట్రోలు, బీమా... వీటికి తోడు సర్వీసింగ్ బిల్లు. అందులో 'బ్రేక్ ప్యాడ్లు మార్చాలి' అన్న ఒక్క ముక్క చాలు, ఆ నెల లెక్కలన్నీ తారుమారు కావడానికి. 'నాలుగు బోల్టులు విప్పి బిగించడానికి ఇంతా? మనమే చేసుకుంటే పోలా!' అని ఎవరికైనా అనిపిస్తుంది.

బాచుపల్లి వాళ్లకి అలా అనిపించడంలో వింతేమీ లేదు. ఒకప్పుడు మందుల ఫ్యాక్టరీలు, ఇంజినీరింగ్ కాలేజీ అంటే గుర్తొచ్చే ఆ ఊరు ఇప్పుడు అపార్ట్‌మెంట్లతో నిండిపోయింది. ఇల్లు అక్కడ, ఉద్యోగమేమో హైటెక్ సిటీలోనో గచ్చిబౌలిలోనో. 2017 నవంబరులో మియాపూర్‌కి మెట్రో వచ్చినా, అక్కడిదాకా వెళ్లడానికీ బండి కావాల్సిందే. నిజాంపేట మీదుగా వెళ్లినా, మియాపూర్ మీదుగా వెళ్లినా సిగ్నళ్లు, యూటర్న్‌లు, స్పీడ్ బ్రేకర్లు. పది అడుగులు కదలడం, బ్రేకు తొక్కడం. హైవే మీద సాఫీగా తిరిగే బండికీ, ఇలా ఆగుతూ సాగే బండికీ ప్యాడ్ల అరుగుదలలో చాలా తేడా ఉంటుంది.

అసలు బ్రేకు చేసే పనేంటి? పరుగుని వేడిగా మార్చడం. కాలితో పెడల్ నొక్కితే ఆ ఒత్తిడి గొట్టాల్లోని బ్రేక్ ఆయిల్ ద్వారా చక్రం దాకా వెళ్తుంది. ద్రవం తనపై పడిన ఒత్తిడిని అన్ని వైపులా సమానంగా చేరవేస్తుందని పదిహేడో శతాబ్దంలో పాస్కల్ చెప్పిన సూత్రమే దీనికి ఆధారం. ఆ ఒత్తిడితో ప్యాడ్లు రెండూ తిరుగుతున్న డిస్కుని అటూ ఇటూ పట్టి ఆపుతాయి. వేగం రెట్టింపైతే వాటి మీద పడే భారం నాలుగింతలవుతుంది. 40 కిలోమీటర్ల వేగంలో ఉన్న బండిని ఆపడం, 80లో ఆపడం ఒకటి కాదన్నమాట. అంటే ప్యాడ్ అరగడానికే పుట్టిన వస్తువు. అది అరిగితేనే మనం క్షేమం.

ఓ ఆదివారం పొద్దున సెల్లారులో ఒకాయన జాకీ, వీల్ స్పానర్ ముందేసుకుని కూర్చున్నాడనుకోండి. కారుకి వారంటీ ఎప్పుడో అయిపోయింది. 'ఏమండీ, పిల్లల్ని ఎక్కించుకుని తిరిగే బండి. దీనిమీద ప్రయోగాలెందుకు?' అంటుంది భార్య. 'ప్యాడ్లేగా, నేను చూసుకుంటాలే' అంటాడాయన. ఇద్దరి మాటలోనూ నిజముంది.

ఆయన మాటే తీసుకుందాం. చాలా చిన్న కార్లలో ముందు చక్రాలకి డిస్కులు, వెనక డ్రమ్ములు ఉంటాయి. ముందు ప్యాడ్లు మార్చడం బ్రహ్మవిద్యేం కాదు. నేల సమంగా ఉండాలి. హ్యాండ్‌బ్రేక్ వేసి, వెనక చక్రాలకి చెక్కదిమ్మలు అడ్డంపెట్టాలి. నట్లని బండి నేల మీద ఉండగానే కాస్త వదులు చెయ్యాలి. జాకీతో లేపాక బరువుని గట్టి ఇనుప స్టాండు మీదకి దించాలి. జాకీ ఒక్కదాన్నే నమ్మకూడదు. ఇటుకలు పేర్చడం ఇంకా ప్రమాదం, ఉన్నట్టుండి పగిలిపోతాయి. ప్యాడ్లు మారిస్తే ముందు చక్రాలు రెంటికీ మార్చాల్సిందే. విప్పిన కాలిపర్‌ని ఆయిల్ గొట్టానికి వేలాడదీయకూడదు, తీగతో కట్టాలి. లోపలి దుమ్ముని నోటితో ఊదకూడదు. పాతకాలపు ప్యాడ్లలో ఆస్‌బెస్టాస్ ఉండేది. అది లేకపోయినా ఆ దుమ్ము ఊపిరితిత్తులకి మంచిది కాదు, తడిగుడ్డతో తుడవాలి.

ఇక ఆవిడ మాట. పిస్టన్ని వెనక్కి నొక్కి కొత్త ప్యాడ్లు పెట్టాక మొదటిసారి పెడల్ తొక్కితే అది నేరుగా కిందికి పోతుంది. గట్టిపడేదాకా నాలుగైదుసార్లు తొక్కాలి. ఆ సంగతి మరిచి బండి తీస్తే సెల్లారు గోడ దగ్గరే తెలిసొస్తుంది! వీధిలోకి వెళ్లాక తెలిస్తే మాత్రం మూల్యం వేరు. కొత్త ప్యాడ్లతో కొన్నాళ్లు సడన్ బ్రేకులు కొట్టకూడదు. మొదటి చక్కర్లు ఖాళీ రోడ్డులో, నెమ్మదిగా, పిల్లలు లేకుండానే వెయ్యాలి.

ఆయిల్ గొట్టం విప్పాల్సి వచ్చిందా? అక్కడ ఆగిపోవాలి. లోపలికి గాలి చేరితే పెడల్ మెత్తబడిపోతుంది. 2019 ఏప్రిల్ నుంచి మనదేశంలో కొత్త కార్లకి ఏబీఎస్ తప్పనిసరైంది. అందులో గాలి చేరితే కొన్ని మోడళ్లకి కంప్యూటర్ పరికరం పెట్టి తీయాల్సిందే. మీట బదులు బటన్‌తో పనిచేసే హ్యాండ్‌బ్రేక్ ఉన్నా అంతే. వెనక డ్రమ్ముల్లో స్ప్రింగుల అమరిక చెయ్యి తిరిగినవాళ్ల పని. ఇలాంటిచోట మెకానిక్‌కి ఇచ్చే కూలీ వృథా ఖర్చు కాదు.

మరి ఆదా ఎక్కడ? విప్పి బిగించడంలో కన్నా, చూడటంలోనే ఎక్కువుంది! ప్యాడ్ మందం 3 మిల్లీమీటర్లకి దిగితే మార్చే వేళైనట్టే. చాలా ప్యాడ్లకి చిన్న రేకుముక్క ఉంటుంది. అరుగుదల హద్దు దాటగానే అది డిస్కుని తాకి కీచుమంటుంది. ఆ కీచుని పాటల హోరులో పట్టించుకోకపోతే ఇనుమూ ఇనుమూ రాసుకుని డిస్కు గాళ్లు పడుతుంది. ప్యాడ్లతో పోయేది డిస్కుల దాకా వస్తుంది. గోటితో పోయేదానికి గొడ్డలంటే ఇదే.

బానెట్ ఎత్తి ఆయిల్ డబ్బా చూడటానికి నిమిషం చాలు. మట్టం తగ్గిందంటే ప్యాడ్లు అరిగాయనో, ఎక్కడో కారుతోందనో అర్థం. ఈ ఆయిల్ గాల్లోని తేమని పీల్చుకుంటుంది. డాట్ 4 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగదు, తేమ చేరితే 155 దగ్గరే మరిగిపోవచ్చు. అందుకే రెండేళ్లకోసారి మార్పించాలంటారు.

మధ్యేమార్గమూ ఉంది. రాణిగంజ్‌లోనో కంపెనీ డీలరు దగ్గరో పార్ట్ నంబరు చూసి, బిల్లు తీసుకుని ప్యాడ్లు కొనండి. నకిలీ సరుకు బెడద తప్పుతుంది. తెలిసిన మెకానిక్ దగ్గర నిలబడి వేయించుకోండి, పాతవి చేతిలోకి తీసుకుని చూడండి. రెండుసార్లు అలా చూస్తే బిల్లులో ఏది అవసరమో, ఏది కాదో మీకే తెలుస్తుంది.

మ్యూజిక్ సిస్టం బిగించడంలో పొరపాటు జరిగితే పాటే ఆగుతుంది. బ్రేకు దగ్గర జరిగితే బండి ఆగదు. బిగించాక మనసులో రవ్వంత అనుమానం మిగిలినా, ఆ రోజుకి తాళంచెవి ఇంట్లో పెట్టేసి బస్సెక్కడమే అసలైన పొదుపు.