శత్రువుల సొత్తు

చౌర్యమును గూర్చి వ్రాయబూనితిమనిన మీలో కొందఱు నవ్వుకొనవచ్చును. బడిపంతులుగారి యిల్లాలికి దొంగతనముతో నేమి పని యని యడుగవచ్చును. గత వేసవి వఱకు మాకును దానితో పనిలేదు. మా పెద్దవానికి పదుమూడవ యేడు వచ్చినది. వాడు సెలవులలో తండ్రిగారి పాత ఫోనునందు ఒక యుద్ధక్రీడ నాడ మొదలిడెను. అదే మా కథకు మూలము.

ఆ యాట పేరు ఫైనల్ ఫాంటసీ టాక్టిక్స్. జపానుదేశపు స్క్వేర్ సంస్థవారు దీనిని 1997లో ప్లేస్టేషన్ యంత్రమునకై వెలువరించిరి. 2007లో 'ది వార్ ఆఫ్ ది లయన్స్' అను పేరుతో సంస్కరించిరి. పిమ్మట నది ఫోనులలోనికిని వచ్చెను. 2025లో మరల క్రొత్తరూపము దాల్చినది గాని మా యింటనున్నది నడిమిది. ఇవాలిస్ అను కల్పితరాజ్యమున ఏబదియేండ్ల యుద్ధము ముగిసినంతనే ఇద్దఱు ప్రభువులు, ఒకరు తెల్లసింహము, ఒకరు నల్లసింహము గుఱుతులుగా, అధికారమునకై కలహింతురు. వారి నడుమ రామ్జా యను గొప్పయింటి చిన్నకుమారుడు నలిగిపోవును. యుద్ధభూమి చదరంగపుబల్లవలె గడులుగా నుండును, మిట్టపల్లములును గలవు. వేగముగలవానికి వంతు ముందుగా వచ్చును.

సేనలోని వారు ఒక్కొక్క వృత్తి నభ్యసింతురు. అందు దొంగతనము కూడ నొక వృత్తియే! శత్రువు డబ్బు తీయుట యొక విద్య, శిరస్త్రాణము తీయుట యొక విద్య, కవచము, డాలు, ఆయుధము, ఆభరణము, ఒక్కొక్కదానికి ఒక్కొక్క విద్య. మనసును దొంగిలించు విద్యయు గలదు. స్త్రీ పురుషునిపైనను, పురుషుడు స్త్రీపైనను దానిని ప్రయోగింతురు. దానికి చిక్కినవాడు తనవారినే కొట్టును. ఇది వినినపుడు మేము చేటలోని బియ్యము విడిచి నవ్వితిమి.

కాని యీ విద్యలందు లెక్క గలదు. డబ్బు తీయుట సులభము, కత్తి తీయుట కష్టము. కత్తి విషయమున 30కి దొంగ వేగమును కలుపవలెను. వేగము 8 అయిన నూటికి 38 పాళ్లు మాత్రమే ఆశ. ఎదుటినుండి పోయిన శత్రువు డాలు అడ్డుపెట్టును. వెనుకనుండి పోయిన అడ్డుపెట్టజాలడు. పైగా ఇరువురి జన్మరాసులు పొసగినచో ఫలము హెచ్చును, పొసగనిచో తగ్గును. పెండ్లిపొంతనములు మనకే యున్నవనుకొంటిమి, దొంగలకును గావలసియున్నవి!

వీరభటుడు శత్రువు కత్తిని విఱుగగొట్టగలడు. అప్పుడది యెవరికిని దక్కదు. దొంగ దానిని చెక్కుచెదరకుండ తెచ్చును. శత్రువు పడిపోయిన కొన్ని వంతులకు వాని దేహము స్ఫటికముగానో పెట్టెగానో మాఱిపోవును. ఏది యగునో మన చేతిలో లేదు. కావున కావలసిన వస్తువును వాడు బ్రదికియుండగనే తీయవలెను. ఈ యొక్క నియమము గుర్తుంచుకొనుడు.

గాఫ్‌గారియన్ అను వృద్ధ కిరాయిసేనాని యొకడు గలడు. మొదట రామ్జా వాని క్రిందనే పనిచేసెను. పిదప వాడే ప్రాణములు తీయవచ్చెను. వాని కత్తివిద్య యెదుటివాని ప్రాణమును పీల్చి తనకు పోసికొనును. కాని చేత కత్తి లేనిచో ఆ విద్య లేదు. లయనల్ కోటవాకిట మా వాడు నాలుగుమార్లు విఫలుడై అయిదవమారు ఆ కత్తిని కాజేసెను. అంతటి భయంకరుడు వట్టి పిడికిళ్లతో నిలిచిపోయెను. పప్పుగరిటె చేతబట్టుకొని చూచుచున్న మేము "భళీ" అంటిమి.

అంతటితో నూరకుండక ఆ రాత్రి వానికి విరాటపర్వమందలి యుత్తరగోగ్రహణము చెప్పితిమి. మా తండ్రిగారు మా చిన్ననాట తిక్కనగారి భారతమును దగ్గఱ కూర్చుండబెట్టుకొని చెప్పిరి. రాచబిడ్డ ఉత్తర తన బొమ్మలకు కౌరవుల చీరలు తెమ్మని వేడినది గదా! అర్జునుడు సమ్మోహనాస్త్రమున వారిని నిద్రింపజేసి, ద్రోణకృపుల తెల్లని వస్త్రములను, కర్ణుని పచ్చనిదానిని, అశ్వత్థామ దుర్యోధనుల నల్లనివానిని ఒలిచి తెమ్మని ఉత్తరుని పంపెను. భీష్ముడు మాత్రము ఆ యస్త్రమునకు ప్రతిక్రియ యెఱిగినవాడు గాన అటువైపు పోవలదనెను. మా వాడు చప్పట్లు చఱచి, "మా యాటలోను అంతియే! శత్రువును నిద్రపుచ్చియే దొంగిలింతుము. సేఫ్‌గార్డ్ అను విద్య నేర్చినవాని సొత్తు నెవ్వరును తీయజాలరు" అనెను. నాటినుండి అట్టివాని కెల్ల మా యింట భీష్ముడనియే పేరు.

కొన్నాళ్లకు మాకొక సంగతి మనసునకు నచ్చకపోయెను. యుద్ధము గెలుచుట కొక్కడు మిగిలియుండగా మా వాడు వానిని చంపడు. నిద్రపుచ్చి టోపీ తీయును, కవచము తీయును. ఒకనాడు ఆ మిగిలినవాని ప్రాణము కడంటియుండగా వానికి మందు పోయించెను. "దయ కలిగినదా నాయనా?" అంటిమి. "కాదమ్మా, చచ్చిన వాని బూట్లు పోవును" అని తల యెత్తకుండ చెప్పెను. మేమేమియు ననలేదు. అననందులకు పిమ్మట విచారించితిమి.

బడులు తెఱచిన నెలకు వాని సంచిలో జామెట్రీపెట్టె యొకటి కనబడెను. వానిది గాదు. మూతమీద వేఱొక బాలుని పేరు సూదితో గీకియున్నది. మావారు పనిచేయునదియు, వాడు చదువునదియు ఒకే బడి. నిలదీసి యడిగిన, "వాడు నా శత్రువమ్మా. నాకు మార్కులు నాన్నగారి వలన వచ్చుచున్నవని అందఱియెదుట ననెను. నా నోటుపుస్తకము చింపెను" అనెను. శత్రువైన మాత్రమున దొంగిలింతువా యంటిమి. వాడు మా ముఖము చూచి మెల్లగా, "ఉత్తరుడు తీసికొనలేదా?" అనెను.

మాకు నోట మాట రాలేదు. ఆటను తిట్టవచ్చునుగాని, ఆ కథ చెప్పినది మేము గదా! మావారు విని కోపపడలేదు. ఆ రాత్రి అన్నము ముట్టక అరుగుమీద పడుకొనిరి. మఱునాడుదయమున, "నేను పోయినచో పంతులు వచ్చెనని వారు భయపడుదురు. నీవు వెంటబెట్టుకొని పొమ్ము" అనిరి.

ఆ బాలుని యిల్లు చెఱువుగట్టు ప్రక్కను రేకులయిల్లు. తల్లి యిస్త్రీ చేయుచు బట్టల మూటల నడుమ నిలుచున్నది. మమ్ము చూచి కుర్చీ తుడిచి వేసినది, మజ్జిగ తెచ్చినది. మా వాడు పెట్టె ముందుంచి, "నేనే తీసితిని" అనెను. ఆమె చాలసేపు పెట్టెవంకనే చూచినది. "పోగొట్టుకొన్నాడని మొన్న వీడిని కొట్టితినమ్మా. అబద్ధము చెప్పుచున్నాడని ఇంకను కొట్టితిని" అనెను. తలుపుచాటున నిలిచిన బాలుని ముంజేతిమీద వాత యింకను మానలేదు. ఆ మజ్జిగ గ్రుక్క మాకు గొంతు దిగలేదు. మా వాడు ఆ చేయి చూచెను. వాడు చూచుట మేము చూచితిమి.

తిరిగి వచ్చునపుడు గట్టుమీద, "ఆ యాటలో శత్రువును మాటలతో మనవైపు త్రిప్పుకొను విద్య లేదా?" అని యడిగితిమి.

"ఉన్నదమ్మా. ఆరేటర్ అను వృత్తి. పేరుగల నాయకులు రారుగాని, తక్కినవారు పిలిచిన నొక్కొక్కప్పుడు వచ్చి చేరుదురు. వారి కత్తియు కవచమును వారితోనే వచ్చును."

"మఱి దొంగతనమెందులకు?"

కొంతదూరము మాటలేక నడచి, "అట్లు చేర్చుకొని, అన్నియు విప్పించి, పిదప వానిని వెళ్లగొట్టువారును గలరమ్మా" అనెను.

"నీవో?"

"ఒక్కమారు చేసితిని."

మావారు దసరా వఱకు ఫోను బీరువాలో పెట్టి తాళము వేసిరి. ఆ బాలుడు మా యింటికి రాడు. మా వానితో మాటాడుచున్నాడో లేదో మేమడుగలేదు. తమ బట్టలు తామే యిస్త్రీ చేసికొను అలవాటుగల మావారు ఇప్పుడు వారమునకు రెండు చొక్కాలు ఆ యింటికి పంపుచున్నారు. అది సరియో కాదో మాకు తెలియదు. ఆ తల్లి లెక్క తప్పక పయిసలు తీసికొనును, ఒక్క రూపాయియు హెచ్చు పుచ్చుకొనదు.

దసరాసెలవులలో ఫోను మరల వెలికివచ్చినది. మొన్న సాయంకాలము మేము చిక్కుడుకాయలు ఈనెలు తీయుచుండగా మా వాడు ప్రక్కన చేరి ఆడుచుండెను. తెరమీద నొక విలుకాడు నిద్రించుచున్నాడు. వాని చేతి విల్లు మంచిదట. మా వాడు వ్రేలు పైకెత్తి మావంక చూచెను. మేము చిక్కుడుకాయలవంక చూచితిమి. చూచి చూచి, "వెనుకవైపునుండి పొమ్ము. నూటికెంత చూపుచున్నది?" అంటిమి.

"ముప్పదితొమ్మిది."

రెండుమార్లు తప్పినది. మూడవమారు పూనుకొనునంతలో ఆ విలుకాడు మేలుకొనెను.